మళ్లీ మీరే!

మా అత్తయ్యకు ఒక్కటే పిచ్చి. ఏ పని ఎవరు చెడగొడితే, దాన్ని మళ్లీ వాళ్ల చేతే చేయించాలి. ప్రయోగానికి మనిషి కావాలిగా? మామయ్య ఉన్నాడు.

క్షవరం చేసే కొత్తతను మామయ్య చెవి కోస్తే, మర్నాడే ఆయన్ని అదే కుర్చీకి పంపింది.

"రెండో చెవి కూడా పోతేనో?"

"మీరు వణికితే అతని చెయ్యీ వణుకుతుంది. కదలకుండా కూర్చోండి."

మామయ్య కుక్కిన పేనులా కూర్చుని, రెండు చెవులతోనే తిరిగొచ్చాడు.

అత్తయ్య మా ఆసుపత్రి వంటగదికి పెద్ద. నేనక్కడే నర్సుని. వార్డులో భోజనం అందించే రోబోను అందరం బండబ్బాయి అంటాం. ఓ మధ్యాహ్నం అది మలుపులో వేగం తగ్గించక, ఓ తాతగారి దుప్పటి మీద సూపు ఒలకబోసింది. గోరువెచ్చగా ఉండబట్టి సరిపోయింది. ఇక ఆ రాత్రి భోజనాలకి అది వస్తే చాలు, రోగులంతా కాళ్లు ముడుచుకోవడమే. కాలికి సిమెంటు కట్టున్నాయన కూడా ముడవబోయాడు.

"రేపు కూడా ఎవరూ దాని దగ్గర గిన్నె తీసుకోకపోతే వెనక్కి పంపేస్తాం" అన్నారు పైవాళ్లు. దానికి దారులు నేర్పిన కొత్తమ్మాయి, దాంతోపాటే తన ఉద్యోగమూ పోతుందని అన్నం మానేసి మూల కూర్చుంది.

అత్తయ్య గరిటెతో సహా ఆ పిల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమే, దానికి మాటలొచ్చుగా? చేసింది చెప్పుకోమను."

మర్నాడు బండబ్బాయి వార్డు గుమ్మంలో ఆగి, "నిన్న మలుపులో వేగం తగ్గించలేదు. తప్పు నాదే. ఇకనుంచి ఆగి తిరుగుతాను" అంది.

ఎదురుగా కుర్చీలో మామయ్య, కొత్త తెల్లచొక్కాతో. పక్కనే అత్తయ్య.

"తెల్లదే ఎందుకే?"

"మరక పడితే అందరికీ కనబడాలి. దాపరికం వద్దు."

బండబ్బాయి మలుపులో ఆగింది. మెల్లగా తిరిగింది. చుక్క తొణక్కుండా గిన్నె అందించింది. మామయ్య గజగజలాడుతూ అందుకుని, అంతా తనే చొక్కా మీద పోసుకున్నాడు!

వార్డంతా గొల్లున నవ్వింది. దుప్పటి తడిసిన తాతగారు, "ఈయనకంటే అదే నయం. నాయనా, నా గిన్నె ఇటు పట్రా" అన్నారు.

తర్వాత వంటగదిలో అడిగాను. "యంత్రానికి సిగ్గా, బిడియమా? దానికోసం ఇంత హడావిడెందుకు అత్తయ్యా?"

"దానికేమే, మూల పెడితే పడుంటుంది. మూల కూర్చున్న పిల్ల లేవొద్దూ?"

ఆ పిల్ల అప్పటికే రెండోసారి వడ్డించుకుంటోంది. చూస్తే నా కడుపు నిండింది.

తడిచొక్కాతో మామయ్య మెల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు. అత్తయ్య ఇంకో గిన్నె నింపింది.

"ఎక్కడికి? ఒలకబోసిందెవరు? కూర్చోండి."