కెరటాల బావగారికి కోటు తొడిగాం

మా బావగారు భాస్కరరావు గారు పరమపదించారన్న వార్త ధవళేశ్వరం నుంచి పొద్దున్నే ఫోనులో వచ్చింది. కాఫీ తాగి, పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, పడక్కుర్చీలో అలాగే ఒరిగిపోయారట. గుండె ఆగిపోయిందన్నారు. ఆ దుఃఖం వెనకాలే మరో మాట మనసులో మెదిలింది: హమ్మయ్య, ఇంట్లోనే పోయారు, పంచెలో పోయారు, సముద్రంలో నిక్కరుతో పోలేదు. ఈ వాక్యం రాస్తూంటే సిగ్గుతో తల వాలిపోతోంది. అయినా రాయక తప్పదు.

ఎందుకంటే, ఆయన పెద్దకర్మకి మేం అచ్చు వేయించిన కార్డు మీద ఉన్న మనిషి మా బావగారు కారు. ఆయన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్ళు కూడా ఆ కార్డు చూసి ఆయన పోయారని తెలుసుకోలేకపోయారు. ఆ మహానుభావుణ్ణి ఆయన అసలు రూపంలో నలుగురికీ చూపించాలి. నేను చెయ్యగలిగింది ఇక అదొక్కటే.

ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. సౌమ్యుడు, మితభాషి, నిష్కల్మష హృదయుడు. ఆయన సంతకం పడిన కాగితాన్ని మళ్ళీ చూడక్కర్లేదని పై అధికారులే అనేవారు. కాలువ నీళ్ళ కోసం ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటూ వచ్చిన రైతులకి ముందు కుర్చీలు వేయించి, మజ్జిగ ఇప్పించి, ఆ తర్వాతే సంగతేమిటని అడిగేవారు. "కూర్చున్నవాడు సగమే అరుస్తాడోయ్" అని నవ్వేవారు. అటువంటి మనిషికి యాభయ్యో ఏట సముద్రం పిచ్చి పట్టింది.

ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్ళినప్పుడు, ఒక కుర్రాడు పొడవాటి బల్ల మీద నిలబడి కెరటం మీద జారుతూ ఒడ్డుకి రావడం చూశారట. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు వడ్రంగి దగ్గరికెళ్ళి, తేలిక కర్రతో, ముక్కు పైకి లేచిన బల్ల ఒకటి చేయించుకొచ్చారు. మా అక్క సుభద్ర నెత్తీ నోరూ కొట్టుకుంది. ఈ వయసులో నిక్కరేసుకుని నీళ్ళలో గెంతితే నలుగురూ ఏమనుకుంటారని ఏడ్చింది. దానికి బావగారు అన్న మాట మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నలుగురూ ఏమనుకోవాలో వాళ్ళనే అనుకోనీవే. ఆ పని కూడా మనమే చేసిపెట్టాలా?"

అప్పట్నించి ఆదివారమైతే చాలు, రాజమండ్రిలో పాసింజరెక్కి సామర్లకోటలో దిగి, అక్కణ్ణించి బస్సులు మారి ఉప్పాడ ఒడ్డుకి చేరేవారు. బల్లని భుజానేసుకుని ప్లాట్‌ఫారం మీద నడుస్తూంటే జనం తిరిగి తిరిగి చూసేవారు. ఇస్త్రీ బల్లా అండీ అని ఒకాయన అడిగాడు. కాదండీ, కెరటాలెక్కడానికండీ అని బావగారు కుదురుగా కూర్చుని మొత్తం వివరించారు. నేను వెంట వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒడ్డున చేపలవేట చేసుకునేవాళ్ళకి ఆయన ఉద్యోగమూ తెలీదు, అసలు పేరూ తెలీదు. వాళ్ళకి ఆయన బల్లబాబుగారు, అంతే.

నాకూ ఒక పిచ్చి ఉంది. రాజమండ్రిలో కాలేజీ లెక్చరర్ని. లావు టైర్ల గేరు సైకిళ్ళు వచ్చిన కొత్తలోనే ఒకటి కొనుక్కున్నాను. తెల్లారకుండా బయల్దేరి కోరుకొండ మీదుగా ఏజెన్సీ కొండల వైపు వెళ్ళి, రాళ్ళ బాటల్లో ఎక్కడం, దిగడం. ఇంట్లోవాళ్ళు నాదాన్ని వ్యాయామం అన్నారు, ఆయనదాన్ని పిచ్చి అన్నారు. రెండింటికీ తేడా ఏమిటో ఆయన్ని అడిగితే, నువ్వు ప్యాంటేసుకుంటావు కదటోయ్ అన్నారు.

కొండ గొప్పదా, కెరటం గొప్పదా అన్నది మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి తెగని వాదం. పాసింజరు ఎక్కడో అక్కడ ఆగిపోయి ఉండేది కనక వాదానికి వ్యవధి కూడా పుష్కలం. కొండ స్థిరమైనది, నిన్నటి దారి ఇవాళా ఉంటుంది, పడ్డ కష్టానికి ఫలం తప్పకుండా దక్కుతుందని నేననేవాణ్ణి. చెమటోడ్చి ఎక్కితే దిగేటప్పుడు గాలి మొహాన కొడుతుంది, అది మన సంపాదన. సముద్రం దగ్గర అదేం లేదు. పూటంతా నీళ్ళలో నానినా మంచి కెరటం రాకపోవచ్చు. బావగారు అన్నీ విని తల ఊపేవారు. సైకిల్‌కి తొడల బలం చాలు, బల్లకి జబ్బలతో పాటు ఓపిక కూడా కావాలనేవారు. మీకు పంచరు బాధ లేదు కదండీ అంటే, ముక్కులోకి ఉప్పునీళ్ళెక్కితే తెలుస్తుందిలే అనేవారు. ఒకసారి మాత్రం కిటికీ చువ్వ పట్టుకుని, ఎవరితోనో కాక తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు.

"కొండెక్కినవాడు కిందకి చూసుకుని ఇంత ఎక్కానంటాడు. కెరటమెక్కినవాడికి చూసుకోడానికేం మిగల్దోయ్. దిగేసరికి అదే ఉండదు."

అసలు తేడా వేరే ఉంది, అది ఆయనకి తెలుసు. కొండ మీద నేను పడితే చూసేవి రాళ్ళూ తుప్పలూ. సముద్రంలో ఆయన పడితే ఒడ్డున షికారుకొచ్చిన సంసారాలన్నీ చూసి నవ్వేవి. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవారు. నీకు కొండంటే ఇష్టం కాదోయ్, అక్కడెవరూ లేకపోవడం ఇష్టం అని ఒకనాడు తేల్చేశారు. నేను ఉడుక్కున్నాను. ఉడుక్కున్నానంటే నిజమన్నమాటే.

నా బలవంతం మీద ఒక్కసారి కొండకీ వచ్చారు. అద్దె సైకిల్ మీద మొదటి దిగుడులోనే బ్రేకు మర్చిపోయి తుప్పల్లోకి దూసుకుపోయారు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి ముళ్ళ మధ్య కూర్చుని చుట్టూ చూస్తున్నారు. దెబ్బ తగిలిందా అంటే, తగిలింది గానీ నవ్వడానికి ఒక్కడూ లేడోయ్, ఇదేం ఊరు అన్నారు.

నేను బల్లెక్కిన రోజు సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలీదు. ఆయన చెప్పలేదు కనక. లేవబోయి బోర్లా పడ్డాను. కెరటం నన్ను రెండు పల్టీలు కొట్టించి, వెళ్తూ వెళ్తూ నా నిక్కరు పట్టుకుపోయింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి చూస్తే ఒడ్డున కాకినాడ విహారానికొచ్చిన మా కాలేజీ పిల్లలు, ఆడా మగా. ఆ క్షణంలో సముద్రం లోపలికే నడిచిపోదామనిపించింది. బావగారు నా మొహం చూశారు. ఒడ్డుకెళ్ళి తన తువ్వాలు తెచ్చి నీళ్ళలోనే నా నడుముకి చుట్టి, బల్లని అడ్డంగా పట్టుకుని నాతో నడిచారు. పిల్లలు చూస్తూంటే తనే కావాలని కాలు జారినట్టు దబ్బున పడ్డారు. అందరూ ఆయన్ని చూసి నవ్వుతూండగా నేను ఇసక దిబ్బ వెనక్కి వెళ్ళిపోయాను. తిరుగు రైల్లో క్షమాపణగా ఏదో గొణిగితే ఇంతే అన్నారు.

"నాకు సిగ్గు లేదు గానీ నీకుంది కదా. అది పోతే నువ్వు తట్టుకోలేవు."

అటువంటి మనిషికి మేం చేసింది వినండి. కార్డుకి ఫోటో కావాల్సి వచ్చింది. ఆఫీసు ఫోటోలన్నిట్లో ఎవరి వెనకాలో సగం కనపడతారు. బాగున్నది ఒక్కటే, ఉప్పాడలో నేను తీసింది. తడిసిన బనీను, నుదుటికి అంటుకున్న జుట్టు, పళ్ళన్నీ కనపడేలా నవ్వు, వెనక సముద్రం. ఈ అవతారంతో కార్డేంటిరా, అమ్మాయి అత్తవారు చూస్తారు, ఆఫీసువాళ్ళు చూస్తారు అంది అక్క. నాకూ అదే అనిపించింది. స్టూడియోకి నేనే పట్టుకెళ్ళాను. సముద్రం తీసేసి నీలం రంగు వెయ్యమన్నాను. జుట్టు దువ్వమన్నాను. కోటూ టైయూ తొడగమన్నాను. కంప్యూటరు ముందున్నతను అన్నీ చేసి, నవ్వు ఉంచనా అని అడిగాడు. సంతాపం కార్డు కదా, నోరు మూసేయండి అన్నాను. కూతురి పెళ్ళిలో కూడా కోటు ముట్టని మనిషి, నోరు మూసుకుని పెద్ద అధికారిలా తయారయ్యారు. పక్కన మేమెవరమూ పిలవని పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

ఉప్పాడలో ఒడ్డు మీద టీకొట్టు నడిపే మంగమ్మకి కూడా కార్డు పంపించాను, అందరికీ చెబుతుందని. పెద్దకర్మకి అక్కణ్ణించి పురుగు కూడా రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కలిసి తిరిగి, కలిసి తిని, ఆఖరికి ఒక్కడికైనా రావాలనిపించలేదా అనుకున్నాను. ఆ కోపంతోనే తర్వాతి ఆదివారం ఉప్పాడ వెళ్ళాను, నిలదీద్దామని.

మంగమ్మ నన్ను చూడగానే మొహం ఇంత చేసుకుని, బల్లబాబుగారు రెండు వారాల్నించి రావట్లేదేంటండీ, ఒంట్లో బాగోలేదా అని అడిగింది. ఆయన ఇష్టంగా తినే ఎండుచేపలు కూడా కట్టి ఉంచానంది. మా కార్డు ఆమె వెనకే గోడకి మేకుకి గుచ్చి ఉంది. ఎవరో ఆఫీసరుగారు పోయారట, పొరపాటున మాకొచ్చేసింది, పారెయ్యడానికి చెయ్యి రాక అక్కడ పెట్టానండి అంది. ఈయనే ఆయన అని చెప్పాను. ఆమె కార్డు తీసి వెలుతురుకి పట్టుకుని చూసింది. వల బాగుచేసుకుంటున్నవాళ్ళు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆమె నావైపు తలెత్తింది.

"మేం గుర్తుపట్టకూడదనే ఇలా చేశారా అండీ?"

కాదమ్మా అనబోయాను. ఎవరు గుర్తుపట్టకూడదని చేశామో వాళ్ళు వేరు గానీ, చేసింది మాత్రం అందుకే. ఇంతకు ముందు ఎన్నోసార్లు అవమానపడ్డాను, కానీ ఆ టీకొట్టు ముందు తలదించుకున్నట్టు ఎక్కడా దించుకోలేదు.

తిన్నగా ధవళేశ్వరం వచ్చి అక్కకి జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్క లోపలికెళ్ళి అసలు ఫోటో తెచ్చింది. పేపరుకి ఏదో రాస్తానన్నావుగా, దాంతో ఇది వేయించు అంది. అమ్మాయి అత్తవారు చూస్తారేమో అన్నాను. చూడనీ అంది. ఫోటో మాత్రం నా చేతికివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళలో అక్క ఒక్కసారైనా ఆ ఒడ్డుకి రాలేదు. ఎవరైనా చూస్తే తలవంపులని రాలేదు.

"తమ్ముడూ, బాగా ఎక్కేవారా?" అంది.

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ అబద్ధాలు అప్పటికే చాలా అయ్యాయి. "లేదక్కా. ఎక్కువగా పడిపోయేవారు. పడి లేచి నవ్వేవారు, ఇదిగో, ఇలాగ."

అక్క బొటనవేలితో ఆ నవ్వుని మెల్లగా తడిమింది.

"ముప్ఫయ్యేళ్ళు కాపరం చేశాను. ఇంట్లో ఇలా నవ్వగా నేను చూళ్ళేదురా."

బావగారూ, ఇంత స్వచ్ఛంగా బతికినవారు మా వంశంలో మరొకరు లేరు, ఇక రారు. ఈ అక్షరాలతో పాటు మీ నవ్వు మీకు తిరిగి ఇచ్చేస్తున్నాం. క్షమించమని అడగడానికి మాత్రం మాకు మొహం చెల్లడం లేదు.