ఐజాక్ ఇవ్వని నోటు

ఐజాక్ మా ఆయనకు అన్న. నలభై నాలుగేళ్ళు మా ఊరి వేలం సంతలో గొర్రెలను దొడ్లలోంచి వేలం బరిలోకి తోలడం, మళ్ళీ దొడ్లలోకి తోలడం, అదే ఆయన పని. పద్నాలుగో ఏట చేతికి కర్ర ఇచ్చారు, యాభై ఎనిమిదో ఏట తీసేసుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు. తాగడు. జూదం ఆడడు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం ఆ కారు.

ఆకుపచ్చ కారు. ఇద్దరికే చోటు. పైన గుడ్డ కప్పు, వెనక్కి మడిచేస్తే వాన వచ్చినా ఎండ వచ్చినా నెత్తి మీదే. పశువుల డాక్టరు పోయాక ఆయన భార్య అమ్మేస్తుంటే ఐజాక్ కొన్నాడు. మా కొండల్లో కారంటే వెనక సీటులో కుక్క, గడ్డి మోపు, దాణా బస్తా ఉండాలి. సంతలో అందరూ పగలబడి నవ్వారట.

"ఐజాక్, గొర్రెను ఎక్కడ కూచోబెడతావోయ్? ఒళ్ళోనా?" అని వేలం పాడే టెడ్ అరిచాడట.

"గొర్రె నీలా కాదులే టెడ్, దానికి కాళ్ళు బాగా పనిచేస్తాయి. నడిచొస్తుంది," అన్నాడట ఐజాక్.

శనివారం కడిగేవాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక కొండ కనుమ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాడు. ఇంకెక్కడికీ తీసుకెళ్ళేవాడు కాదు.

వాళ్ళ అమ్మ పోయేనాటికి ఐజాక్‌కు పదహారేళ్ళు, మా ఆయన నార్మన్‌కు ఎనిమిది. తండ్రి రాళ్ళ క్వారీలో పని, చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేవాడు. ఓట్స్ జావ కాచడం, తమ్ముడి బూట్లకు తాళ్ళు కట్టడం, వాడిని బడికి పంపడం, అన్నీ ఐజాకే చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో నా జావలో ఉప్పు ఎక్కువైతే నార్మన్ "అచ్చం అన్నయ్య చేతి జావే" అనేవాడు. అది మెప్పో తిట్టో నలభై ఆరేళ్ళ కాపురంలో నాకు తేలలేదు.

ఆ కారు మీద నార్మన్‌కు మొదటి రోజు నుంచీ కన్ను. పైకి అనేవాడు కాదు. ఐజాక్ కారు కడుగుతుంటే ఏదో పని ఉన్నట్టు వెళ్ళి అక్కడ నిలబడేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితం సంతలో ఒక ఎద్దు ఐజాక్‌ను కంచెకేసి నొక్కేసింది. ఎడమ మోకాలు నుజ్జయింది. ఇక క్లచ్ తొక్కలేనని, నాలుగు వందల పౌండ్లకు కారు తీసుకోమని ఐజాకే తమ్ముణ్ణి అడిగాడు. నార్మన్ దగ్గర కూడబెట్టింది కొంచెం తక్కువ పడితే నా కోడిగుడ్ల డబ్బు డెబ్బై పౌండ్లు నేనే కలిపాను. కారు తెచ్చిన రోజే నన్ను సముద్రం దాకా తీసుకెళ్తానన్నాడు. జుట్టు చెదరకుండా రుమాలు కూడా తీసి పెట్టుకున్నాను.

నార్మన్ వానలో నడిచి వచ్చాడు. కారు లేదు. డబ్బు బల్ల మీద పెట్టాడు, నాది విడిగా.

"ఏమైంది?"

"ఏం లేదు. మనసు మారింది."

అసలు సంగతి చెప్పడానికి ఆయనకు ఎనిమిది నెలలు పట్టింది.

మా సంతలో బేరం అయ్యాక అమ్మినవాడు తను తీసుకున్న డబ్బులోంచి ఒక నోటు కొన్నవాడి చేతిలో తిరిగి పెడతాడు. కలిసొచ్చే నోటు అంటాం. ఈ గొర్రె నీ ఇంట బతకాలి, నీకు మేలు జరగాలి అని దాని అర్థం. ఎంతన్నది అమ్మినవాడి ఇష్టం. కొన్నవాడు అడగకూడదు. అడిగి తీసుకున్నది కలిసిరాదు. నోటు రాకపోతే కొన్నవాడు అక్కడ ఏమీ అనడు, గొడవ పెట్టుకోడు. మళ్ళీ మాత్రం ఆ మనిషి దొడ్డి దగ్గరికి వెళ్ళడు.

"అన్నయ్య డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవి ఇచ్చాడు. అంతే," అన్నాడు నార్మన్. "నేను నిలబడ్డాను."

"ఎంతసేపు?"

"టీ నీళ్ళు మరిగేంతసేపు. తర్వాత వద్దులే అని తాళంచెవి తిరిగిచ్చి, డబ్బు తెచ్చేసుకున్నాను."

"నోరు తెరిచి అడగొచ్చుగా? సొంత అన్నేగా?"

"అడిగాక అదింకేం నోటు, హిల్డా? వారం వారం వెయ్యి నోట్లు చేతులు మారడం చూసే మనిషి. మరిచిపోయాడంటే నమ్మమంటావా? నాకు మంచి జరగాలని లేదు, అంతే." తర్వాత నాచేత ఒట్టు పెట్టించుకున్నాడు, ఎవరికీ చెప్పనని.

ఐజాక్ తన లెక్క తను వేసుకున్నాడు. కారు వద్దన్నది నేనే అనుకున్నాడు. ఆయన మోకాలు ఏడాదికి కొంచెం కుదురుకుంది, కారు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆదివారం మా ఇంట్లోనే భోజనం చేసేవాడు. కాల్చిన గొర్రె మాంసం ఇంకో ముక్క వేస్తుంటే, "హిల్డా చెయ్యి మంచిదేరా నార్మన్. కారు దగ్గరే బిగుసుకుంటుంది," అనేవాడు నవ్వుతూ. నార్మన్ కంచంలోకి చూసేవాడు. నేను గ్రేవీ గిన్నె ఐజాక్ వైపు జరిపేదాన్ని. ఏడాదికి యాభై ఆదివారాలు. మొదట్లో చెంపలు మండేవి. తర్వాత ఏమీ అనిపించేది కాదు, గోడ గడియారం చప్పుడులా.

మొన్న ఫిబ్రవరిలో నార్మన్ పోయాడు. గుండె. గొడ్ల చావిడికీ ఇంటికీ మధ్య. ఐజాక్ శవపేటిక మోస్తానని పట్టుబట్టాడు. ఎనభై ఏళ్ళు, ఆ మోకాలు. ఎవరి మాటా వినలేదు.

సెప్టెంబరులో ఫోన్ చేశాడు.

"కళ్ళ డాక్టరు నా లైసెన్సు తీసేసుకోమని రాశాడు. ఎదుట ఆగి ఉన్న కారు నంబరు చదవమన్నాడు. ఏ కారు అన్నాను," అని నవ్వాడు. "కారు నువ్వు తీసుకుంటావా?"

"నాకెందుకు ఐజాక్? నాకు వ్యాను ఉందిగా."

"పట్నం నుంచి ఒకడు వచ్చి చూసి పోయాడు. పదింతలు ఇస్తాడట. వాడి తళతళలాడే బూట్లు చూసి వద్దన్నాను. నీకు నాలుగు వందలు, అప్పటి ధరే. నార్మన్‌కి కావాల్సిన కారు అది. అప్పుడంటే నువ్వు అడ్డుపడ్డావు. ఇప్పుడు అడ్డుపడటానికి ఎవరున్నారు?"

ఫోన్ పెట్టేద్దామనిపించింది. కాదని చెప్పి, ఎందుకో చెప్పి, ఆయన మళ్ళీ ఏదో అంటే దానికి జవాబు చెప్పే ఓపిక లేక, సరే అన్నాను. ఈ ఏడాది నేను సరే అన్నవన్నీ అలా అన్నవే.

కారు గురువారం తెచ్చుకోవాలి. అప్పటిదాకా అదే ఆలోచన. కారు గురించి కాదు. ఈసారి నోటు ఇస్తాడా అని. ఇవ్వకపోతే నేను కూడా నార్మన్ లాగే డబ్బు తీసుకుని నడిచి వచ్చేస్తాను. ఇక ఆదివారాలు కూడా ఉండవు. నాకంటూ ఉన్నది ఆయన, ఆయనకు నేను. ఉట్టి చేతుల్లో తాళంచెవి పెట్టించుకుని, ఏమీ జరగనట్టు ఆయనకు మాంసం కోసి పెట్టడం మాత్రం ఇక నావల్ల కాదనిపించింది.

గురువారం పొద్దున జల్లు పడుతోంది. ఐజాక్ టీ పోశాడు, వేలు కప్పులోపల పెట్టి ఎంత నిండిందో చూసుకుంటూ. సాసరులో ఒలికింది. ఇద్దరం చూడనట్టే ఉన్నాం. అల్లం కేకు ముక్క పెట్టాడు, కొన్నదే, గట్టిగా ఉంది. తర్వాత షెడ్డు తలుపు తీశాడు.

నా కోసం కారు కడిగి పెట్టాడు. ఇటువైపంతా అద్దంలా ఉంది. అటువైపు తలుపు నిండా సబ్బు నురగ ఎండిపోయి తెల్లగా చారలు కట్టింది. అది ఆయనకు కనిపించలేదు. ఆ చారలు చూస్తే నాకు ఉన్న కోపం కూడా సగం అక్కడే జారిపోయింది. అది కూడా ఒక బాధే, కోపం లేకపోతే నిలబడటానికి ఏం పట్టుకోను?

"రెండో గేరు దగ్గర తొందరపడకు," అన్నాడు. "కొంచెం ఆగి వెయ్యి. అది నాలాంటిది, పొద్దున్నే మాట వినదు."

డబ్బు ఇచ్చాను. ఇరవై నోట్లు. ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమి లెక్కపెట్టాడు. మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. గుండీ పెట్టాడు. నా చెయ్యి వెతుక్కుని తాళంచెవి పెట్టి, వేళ్ళు మూసి, పైన రెండుసార్లు తట్టాడు.

అంతే.

నేను నిలబడ్డాను. రేకుల కప్పు మీద చినుకుల చప్పుడు. నార్మన్ ఇక్కడే నిలబడి ఉంటాడు, ఈ నూనె మరక దగ్గర. ఆయన ఏం చూస్తూ నిలబడ్డాడో ఇప్పుడు నాకూ కనిపిస్తోంది. ఆ గుండీ పెట్టిన జేబు.

"ఎక్కు మరి," అన్నాడు ఐజాక్.

"ఐజాక్, నోటు ఏది?"

"ఏ నోటు?"

"కలిసొచ్చే నోటు."

నేను బూతు మాట అన్నట్టు ఆయన ముఖం పెట్టాడు. "అడుగుతారా ఎవరైనా దాన్ని?"

"అడగరు. నేను అడుగుతున్నాను."

"అది సంతలో వాళ్ళకిస్తాం హిల్డా. పరాయివాళ్ళకి. మళ్ళీ మన దొడ్డికి రావాలని. ఇంట్లో వాళ్ళకి ఎవరిస్తారు? నువ్వు నా దగ్గర గొర్రె కొనే మనిషివా?" గొంతులో నిజంగానే బాధ ఉంది. "వాడికి జావ పోసి పెంచాను. వాడి చేతిలో ఐదు పౌండ్ల నోటు పెట్టి, మేలు జరగాలిరా అని చెప్పాలా నేను?"

నేను నార్మన్ గురించి ఇంకా ఒక్క మాట కూడా అనలేదు. ఆయనే అన్నాడు. అని, ఆగిపోయాడు. చూపు ఆనని కళ్ళు నా ముఖం మీద అటూ ఇటూ తిరిగాయి.

"వాడు..." అన్నాడు.

నేను మాట్లాడలేదు. ఒట్టు అంతవరకైనా దక్కనీ అనుకున్నాను.

"వాడు కూడా అలాగే నిలబడ్డాడు," అన్నాడు ఐజాక్ మెల్లగా. "నేను ఆ ముందు చక్రం చూస్తున్నాడనుకున్నాను. గాలి తక్కువుందేమో అని కూడా అడిగాను వాణ్ణి."

పక్కనున్న పెట్టె మీద కూచున్నాడు. మోకాలు చాపుకున్నాడు.

"నువ్వు వద్దనలేదా?"

"నా గుడ్ల డబ్బు డెబ్బై పౌండ్లు ఉన్నాయి అందులో."

"డెబ్బై," అన్నాడు. "మరి ఇన్ని ఆదివారాలూ నువ్వు..." ఆయనకు గ్రేవీ గిన్నె గుర్తొచ్చిందేమో నాకు తెలియదు. నాకు మాత్రం గుర్తొచ్చింది.

జేబు గుండీ విప్పాడు. ఒక నోటు లాగి కళ్ళకు ఆనించుకుని చూశాడు. "ఇది ఎంతది?"

"ఇరవై. అన్నీ ఇరవైలే."

"ఎక్కువే," అన్నాడు, అలవాటు కొద్దీ. తర్వాత సంతలో పాతవాళ్ళు చేసినట్టు నోటు మీద తుప్పుమని ఉమ్మి నా అరచేతిలో చరిచాడు. "అడిగి తీసుకున్నది కలిసిరాదు, తెలుసుగా?"

"తెలుసు. ఇవ్వు."

గుడ్డ కప్పు ఎక్కడో పట్టేసి పైకి రాలేదు, తడుస్తూనే వచ్చాను. రెండో గేరు దగ్గర ఆగాను. సముద్రం వైపు దారి చీలే చోట కూడా కాస్త ఆగాను, తర్వాత ఇంటి వైపే తిప్పాను. ఒంటరిగా అంత దూరం పోయి అక్కడ చేసేదేముంది? పెట్రోలు బంకులో ఆ ఇరవై ఇచ్చేశాను. దాచుకోవాలనిపించలేదు. దాచుకుంటే నార్మన్ నవ్వుతాడు, నోటు ఖర్చు పెడితేనే కలిసొస్తుందని వాళ్ళ లెక్క.

ఆదివారం ఆ కారులోనే వెళ్ళి ఐజాక్‌ను భోజనానికి తీసుకొచ్చాను. దారిలో నేను గేరు వేసినప్పుడల్లా ఆయన ఎడమ కాలు కదిలింది. భోజనాల దగ్గర రెండుసార్లు మాంసం వేశాను. నా చేతి వంట గురించి ఏదో అనబోయి మింగేశాడు. ఆయన ఎదుటి కుర్చీ నార్మన్‌ది.

"వాడు అడగాల్సింది," అన్నాడు ఐజాక్ ఆ కుర్చీ వైపు తిరిగి.

"అడగడు," అన్నాను.

"అడగడు," అన్నాడు ఆయన కూడా. గ్రేవీ గిన్నె కోసం చెయ్యి చాపి తడుముకుంటుంటే, ఆయన వైపు జరిపాను.