పటిక పెట్టిన కృష్ణ నీళ్లు

ఆ రోజుల్లో చదువుకున్నవాడంటే బడికి పోయినవాడేనని లోకం అనుకునేది. ఇప్పుడూ అనుకుంటున్నది, అదే నా బాధ. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. మిగతా చదువంతా ఎరువు బస్తాల మీది అక్షరాలతోనే సాగింది. నత్రజని, భాస్వరం, పొటాష్ అనే మూడు మాటలను గద్వాల చుట్టుపక్కల నాకంటే స్పష్టంగా పలికేవాడు లేడు (పలకాల్సిన అవసరం కూడా ఎవరికీ లేదనుకోండి). ఆ పలుకు విన్నాకే సీసాల సారు నన్ను పనిలో పెట్టుకున్నాడు.

సీసాల సారు సముద్రం వైపు మనిషి. నది సముద్రంలో కలిసేచోట నీళ్లలో కరిగిన భాస్వరం ఎక్కడినుంచి వస్తుందో, అందులో ఒండ్రు పాత్ర ఎంతో తేల్చడం ఆయన పని. అందుకు ఎగువ నీళ్లు కూడా కావాలట. వారానికోసారి బీచుపల్లి దగ్గర కృష్ణలో దిగి, ఆరు సీసాలు నింపి, బస్సులో పంపడం నా వంతు. "వానాకాలమంతా శ్రద్ధగా పంపావంటే నిన్ను సముద్రం దాకా తీసుకెళ్లి పడవెక్కిస్తానయ్యా" అన్నాడు. నేను సముద్రం చూడలేదు. మా వంశంలోనే ఎవరూ చూడలేదు. ఆ మాట విన్నాక నాకు వారం రోజులు అన్నం సరిగా పోలేదు.

మా మేనత్త ఇల్లు ఏటి ఒడ్డునే. మొదటి వారం సీసాలు నింపి ఆమె అరుగు మీద పెట్టాను. వరద నీళ్లు కదా, ఎర్రగా, చిక్కగా ఉన్నాయి.

"ఏందిరా అల్లుడా, గంత పెద్ద సారుకు గిట్ల బురద నీళ్లు పంపుతవా? మన ఇజ్జత్ ఏం గావాలె?"

"సారు గట్లనే పంపమన్నడత్తా."

"మొహమాటానికి అన్నడేమో. నువ్వు జర తెలివి తెచ్చుకో."

మా ఒడ్డున వరద నీళ్లను బిందెలో పోసి పటిక తిప్పనిదే ఎవరూ ముట్టరు. చుట్టం వస్తే ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిప్పుతారు. అత్త సీసాలన్నీ బిందెలో ఒంపి, సారు హోదాకు తగినన్ని చుట్లు తిప్పింది. బురద అడుక్కి దిగాక పైతేట వంచి మళ్లీ సీసాల్లో పోశాను. అద్దంలాంటి నీళ్లు! మర్యాద తెలిసినవాళ్లం కనుక వానాకాలమంతా అదే పద్ధతి.

ఏరు తగ్గాక సారు స్వయంగా అత్త ఇంటికే వచ్చాడు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మెప్పు కోసం నిలబడ్డాను. ఆయన మొహం మాత్రం వాడిపోయి ఉంది.

"లాభం లేదయ్యా. ఇన్ని పొలాలు, ఇంత ఎరువు, అయినా మీ నీళ్లలో ఒండ్రూ లేదు, భాస్వరమూ లేదు. పైన డ్యాముల్లోనే అంతా ఆగిపోతున్నట్టుంది. ఇక్కడ పని ఆపేస్తున్నాం. నీ సముద్రం ప్రయాణం కూడా లేనట్టే."

నోరు మూసుకుంటే సముద్రం పోతుంది. తెరిస్తే సముద్రంతోపాటు పరువూ పోయేట్టుంది. అయినా మా ఏట్లో ఒండ్రు లేదనడం మాత్రం తట్టుకోలేకపోయాను.

"లేకేంది సారూ! గంపలకొద్ది ఉండె. నేనే తీసేసిన."

"తీసేశావా? ఎలా?"

"పటిక తిప్పి."

ఆయన అరుగు మీద కూర్చుని సంగతి విప్పి చెప్పాడు. పటిక ఒండ్రునే కాదు, కరిగి ఉన్న భాస్వరాన్ని కూడా పట్టుకుని అడుక్కి దించేస్తుందట. అంటే ఆయన వెతుకుతున్నదాన్నంతా మేము వారంవారం అత్త బీరపాదుకు పోశామన్నమాట (ఆ ఏడు కాయలు బాగా దిగాయని అత్త వాదన).

"ఎవరు చెప్పారయ్యా నీకీ పని చేయమని?"

అత్త గడపలోంచే అందుకుంది. "నేనే చెప్పిన. బురద తాగితె నీ కడుపేం గావాలె నాయనా?"

"తాగడానికి కాదమ్మా!"

"తాగనీకి గాదా? మరి మీ దిక్కు నీళ్లు లేవా, గింత దూరంకెల్లి మోస్కపోతుండ్రు?"

సారు నవ్వేశాడు. నవ్వాక కోపం నిలవదు. "వచ్చే వరదకు బురదతోనే నింపు. బస్సులో పంపకు, నువ్వే మోసుకురా" అన్నాడు.

అలా మరుసటి ఏడు నది సముద్రంలో కలిసేచోట పడవలో నిలబడ్డాను. సారు మా బురద నీళ్లను కొన్ని విడిగా, కొన్ని ఉప్పునీళ్లలో కలిపి ఉంచాడు. తర్వాత రెండింటినీ వడగట్టి మందు చుక్కలు వేస్తే, మొదటిది లేత నీలంగా, రెండోది ముదురు నీలంగా మారింది. నీలం ముదిరేకొద్దీ నీళ్లలో కరిగిన భాస్వరం ఎక్కువన్నమాట. ఏట్లో ఉన్నంతసేపు ఒండ్రు భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని వస్తుందట. ఉప్పు తగలగానే కొంత వదిలేస్తుందట. దాంతో నాచు పెరుగుతుంది, నాచుతో రొయ్యలు బతుకుతాయి.

నాకు ఒళ్లు మండింది. "అంటె మా చేన్ల భాస్వరం మీ రొయ్యలకా సారూ?"

"చాలావరకు శ్రీశైలం వెనకే ఆగిపోతుందిలేవయ్యా."

"ఆగినకాడికి ఆగనీ. మిగిలింది ఎవరిదని?"

"అయితే సముద్రం మీద కేసు వేస్తావా?"

పడవ నడిపేవాడు పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు. ఒడ్డు చేరేదాకా వేలు చూపించి వాదిస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక అత్త ఎదురొచ్చి, "సముద్రం ఎట్లున్నదిరా అల్లుడా?" అని అడిగింది. చెప్పడానికి నోరు తెరిచాను. అంత దూరం పోయి ఆ నీలిరంగు సీసాను తప్ప దేన్నీ సరిగా చూడలేదని అప్పుడు తెలిసింది. "పెద్దగనే ఉన్నదత్తా" అన్నాను.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మళ్లీ అటు పోవడం పడలేదు. భాస్వరం సంగతిలో న్యాయం నాదేనని ఇప్పటికీ అంటాను. కానీ సముద్రానికి వీపు పెట్టి, సీసా పట్టుకుని తగవులాడుతున్న ఆ పడవలోని పడుచువాడు గుర్తొస్తే, భుజం పట్టి ఒక్కసారి వాణ్ణి వెనక్కి తిప్పాలనిపిస్తుంది.