వేలు చూపితే రాలే పిందె

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక పందిరి వేసి కీర తీగ పాకించాను. పూలు విరగబూశాయి. పిందెలు మాత్రం వేలెడు కాకముందే పసుపెక్కి రాలిపోయేవి.

"ఏలు వెట్టి చూపిస్తే పిందెలు నిలుస్తయా?" అంది మా అత్తమ్మ. పిందెను చూపాలంటే వేలు మడిచి చూపాలని ఆమె పట్టు. యాచారం నుంచి వచ్చిన ఆడబిడ్డకూ, కరెంటు మీటరు చూడటానికి వచ్చినతనికీ నేను వేలు చాచి చూపించిన మాట నిజమే. అయినా తేనెటీగలు రాకపోతే నా వేలేం చేస్తుందని విసుక్కున్నాను.

మర్నాటి నుంచి పొద్దున్నే మగపువ్వు తెంపి, వెనక పిందె ఉన్న ఆడపువ్వుల్లో అద్దాను. ఈసారి పిందెలు నిలిచాయి.

"చూసినవా, ఏలు చూపియ్యకుంటే ఎట్ల నిలవడ్డయో!" అంది అత్తమ్మ. పూలు అద్దిన సంగతి చెప్పాను.

"గదీ మంచిదే తియ్యి," అని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం పక్కింటి అక్క గోడ మీదుగా తొంగిచూసి, "కాయలేవి, కనవడ్తలేవు?" అని అడిగింది. ఆకుల చాటున వేలాడుతున్న కాయను చూపించాను. చెయ్యి దించబోతూ చూసుకున్నాను. వేలు మడిచి ఉంది.