ఊళ్ళో దొరకని రక్తం

మలుపు దగ్గర పంక్చర్లు వేసే ఆవిడని అందరూ పంక్చరక్క అంటారు. ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ లేచిన చోట బొటనవేలితో నొక్కి పడుతుంది. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడదు. ఆవిడ జనం ఒకప్పుడు ఎక్కడినుంచో వలస వచ్చారు. ఈ ఊరివాళ్ళలో నూటికి ఐదారుగురికి మించి లేని నెగటివ్ రక్తం వాళ్ళలో ఇంటికొకరికి ఉంటుంది. అద్దె ఇల్లు అడిగితే "మీవాళ్ళకి ఇవ్వం" అనే వీధులే, ఆపరేషన్ అనగానే ఆమె కొట్టు వెతుక్కుంటూ వస్తాయి.

నిన్న మేడ ఇంటాయన వచ్చాడు. కిందటి నెల ఖాళీ వాటా అడగబోతే ఆమెని గుమ్మంలోంచే పంపేసింది ఆయనే. కోడలికి కాన్పులో రక్తం పోతోందట.

"మొత్తానికి మావాళ్ళు పనికొచ్చారన్నమాట," అంది. అంతే, బేరమాడలేదు. చేతులకి సబ్బు రుద్దుకుని, మసి వదలని గోళ్ళతోనే ఆసుపత్రికి వెళ్ళి చెయ్యి చాపింది. ఆ రక్తం ఎక్కించాక కోడలు కళ్ళు తెరిచింది. మేడ ఇంటాయన బయటికొచ్చి, బల్ల మీద కూర్చున్న ఆమెకి చేతులు జోడించాడు.

"నువ్వు దేవతవమ్మా."

"దేవతనైతే అద్దె ఇల్లెందుకండీ నాకు? మనిషినే. రక్తం ఊరికే ఇచ్చా. వాటా మాత్రం అద్దెకే అడుగుతున్నా. ఇస్తారా?"

ఆయన నేల చూపులు చూశాడు. "మా ఆవిణ్ణి ఓ మాట అడిగి చెబుతా."

"అడగండి," అంటూ ఆమె లేచింది. "నేను మాత్రం ఎవర్నీ అడక్కుండానే వచ్చా."