టేపు వెనక్కి తిప్పిన రోజు

నా చిన్నప్పుడు సినిమా హీరోకు కావలసినవన్నీ నాలో ఉండేవి, ఒక్క ముఖం తప్ప. అద్దం ఆ మాట చెబుతూనే ఉన్నా నమ్మకుండా, హీరోకు చదువెందుకని బడి మానేశాను.

మా ఊరు మద్దేడులో సంత రోజున మా చిన్నాయన రేకుల షెడ్డులో తెలుగు సినిమా వీడియో వేసేవాడు. అడవి లోపలి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు తెలుగు రాదు. అందుకని ఆయన టీవీ పక్కన నిలబడి, తెర మీది మాటలన్నీ గోండిలో చెప్పేవాడు. నా లెక్కన ఆ చోట నిలబడ్డవాడు సినిమాల్లోకి సగం దూరం పోయినట్టే.

ఒక సంతనాడు ఆయన గొంతు పోయింది. నన్ను నిలబెట్టాడు. తెర మీద ఒక తల్లి, తప్పిపోయిన కొడుకు కోసం ఊరూరా తిరుగుతోంది. నేనేమో పోయింది పందెం కోడి అని చెప్పాను. ఆమె ఏడ్చినప్పుడల్లా ఆ పుంజు రంగూ, తోక పొడుగూ వర్ణించాను. షెడ్డంతా పడీపడీ నవ్వింది.

ముందు వరుసలో ఒకామె మాత్రం నవ్వలేదు. ఆమె కొడుకు మిరప కోతకు తెలంగాణ వైపు పోయి తిరిగి రాలేదని సంతకు వచ్చే అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"ఆ పిలగాడు దొరికిండా?" అని గోండిలో అడిగింది.

నా మాటలు వదిలేసి, తెర మీది తల్లి ముఖంలోనే ఆమె కథంతా చూసుకుంది. నేను సినిమా చూడనే లేదు, నవ్వేవాళ్ళను చూస్తూ నిలబడ్డాను.

చిన్నాయన తిట్టలేదు. టేపు మొదటికి తిప్పి, నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టాడు. "ఈమె ఒక్కదానికే చెప్పు," అన్నాడు, పోయిన గొంతుతోనే. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. కొడుకు దొరికే చోట తెరను వదిలి ఆమె ముఖం చూస్తూ చెప్పాను. ఆమె నా వీపు నిమిరి, కొంగున కట్టుకున్న తునికి పళ్ళు నా చేతిలో పెట్టింది. సిగ్గుతో వాటిని తినలేకపోయాను, పారేయలేకపోయాను. ఆమె కొడుకు వచ్చాడో లేదో అడిగే ముఖం నాకు ఆ తర్వాత ఎన్నడూ లేకపోయింది.

నవ్వించబోయే ముందు నవ్వని ముఖం ఎక్కడుందో చూసుకోవడం అప్పటి నుంచి అలవాటైంది. అయిందని, ఈ కథంతా మా మనవరాలికి చెప్పని రోజు లేదు. మొన్న ఆ పిల్లే సినిమా వేషం కోసం హైదరాబాదుకు వీడియో పంపాలని, ఫోను ముందు కూర్చుని ఏడ్చే సీను చేస్తోంది.

"ఏందే, కోడి పోయిందా?" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు.

అది కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నీకు మళ్ళొకసారి టేపు తిప్పాల్నా, తాతా?"