మూసీలో సగం కోసిన గడ్డి

మూసీని నగరం మురికికాలువ అంటుంది. మా ఇల్లు ఆ నీళ్లతోనే నడుస్తుంది. పురానాపూల్ దాటాక, నది లోపలి ఒండ్రు నేలలో మాకొక గడ్డి మడి ఉంది. పొద్దున్నే బాపు, నేను పారాగడ్డి కోసి మోపులు కడితే, ట్రాలీ ఆటోలో హుస్సేనీ ఆలం వెనక గల్లీల్లోని బర్రెల కొట్టాలకు పోతుంది. మా సొంత బర్రెలకూ అదే మేత. ఆ పాలతోనే మా గల్లీకి పొద్దుటి చాయ్.

నేను పదితో బడి మానేసినవాణ్ణి. మిగతాదంతా నది ఒడ్డునున్న పెద్ద లైబ్రరీలో చదువుకున్నాను. మోపులు దింపి, చేతులు కడుక్కుని వెళ్లేవాణ్ణి. పశువుల మేత గురించి అక్కడున్న పుస్తకం ఒక్కటీ వదల్లేదు.

మొన్నటి వానాకాలం, పైన జలాశయం గేట్లు ఎత్తుతున్నారని జీపులో మైకు పెట్టి చెప్పారు. మడి పోతే బర్రెలకు మేత లేదు, మాకు గిరాకీ లేదు. వరదొస్తుందంటే ఒడ్డున అందరూ చేసేది ఒక్కటే. గడ్డిని మొదలంటా కోసి, దొరికినంత పైకి చేరవేస్తారు. మేమూ అదే మొదలుపెట్టాం. సగం అయ్యాక నాకు చదివింది గుర్తొచ్చింది.

"బాపూ, ఆపు. మిగిలింది నిలవనియ్యి. మొదలంటా కోస్తే మోళ్లు నీళ్ల కింద మురుగుతయి. నిలువు గడ్డి బతుకుతది."

"యాడ జూసినవ్?"

"లైబ్రరీల సదివిన."

"మరి రేపు బర్రెలకు గా పుస్తకమే ఏస్తవా?"

పక్క మడి భాయ్ కొడవలి ఆపకుండానే నవ్వాడు. "అన్నా, ప్రొఫెసర్ సాబ్ హుకుం ఇచ్చిండు, ఇనుకో!"

నీళ్లు అప్పటికే మడమలు దాటాయి. బాపు కొడవలి నడుముకు చెక్కుకున్నాడు. "సరే తియ్. బర్రెలు పస్తుంటే జవాబు నువ్వే చెప్పాలె."

కోసిన గడ్డి తొందరగానే అయిపోయింది. ఎండుగడ్డి వేస్తే బర్రెలు మూతి తిప్పుకున్నాయి. పాలు తగ్గాయి. సగం కూడా నిండని పాలబిందెను బాపు నా ముందే దించేవాడు. తిట్టినా బాగుండేది.

వరద తీశాక వెళ్లి చూశాం. కోసిన సగంలో మోళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. కోయని సగం ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని బురదలో పడుకుంది. అదీ పోయిందనుకున్నాను. బాపు గొంతుక్కూర్చుని ఒక కాడ లాగాడు. రాలేదు. కణుపు కణుపుకూ తెల్లటి వేర్లు బురదను పట్టుకున్నాయి, పక్కనే చిగుళ్లు.

బాపు కాడలు ముక్కలు కోసి, నల్లబడిన సగంలో నాటడం మొదలుపెట్టాడు. పక్క మడి భాయ్ మడిలో మొత్తం మోళ్లే. వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, మాకు గూడ జరన్ని కాడలియ్యరాదే."

బాపు తల ఎత్తలేదు. "నన్నేందడుగుతవ్? ప్రొఫెసర్‌ను అడుగు. గా గడ్డి ఆయనది."

భాయ్ మోయగలిగినంత కోసి ఇచ్చాను.